సంఘంలో పెత్తనం, వేధింపు: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టు, బాప్టిస్టు, కతోలిక సంఘాలున్నాయి, సహవాసాలున్నాయి, వేల మంది పట్టే స్వతంత్ర మందిరాలున్నాయి, అపార్ట్‌మెంట్ సెల్లార్లో నలభై కుర్చీలతో నడిచేవీ ఉన్నాయి. కింది ప్రశ్నలు వీళ్లందరి నోటా వినపడేవే. ఫలానా సంఘం అని వేలెత్తి చూపడం లేదు. చూపితే మిగతావాళ్లు "హమ్మయ్య, మాది కాదులే" అని పేజీ మూసేస్తారు.

పాస్టరు గారు గట్టిగా గద్దిస్తే అది కూడా వేధింపేనా?

కాదు. తాగొచ్చి భార్యను కొట్టేవాణ్ని కాపరి గద్దించకపోతేనే తప్పు. అప్పు ఎగ్గొట్టినవాణ్ని పిలిచి నిలదీస్తే అది ఆయన పని. గొంతు పెద్దదా చిన్నదా అన్నది లెక్క కాదు. "నా బిడ్డా" అంటూ తల మీద చెయ్యి వేసి తియ్యగా మాట్లాడుతూనే మనిషిని గుప్పిట్లో పెట్టుకునేవాళ్లున్నారు.

చూసుకోవాల్సింది ఒక్కటే. మీరు "కుదరదండీ" అన్నాక ఏం జరుగుతోంది? శుక్రవారం ఆల్‌నైట్ ప్రార్థనకు రమ్మన్నారు. తెల్లారితే షిఫ్టు, రాలేనన్నారు మీరు. "సరే బాబూ, డ్యూటీ చూసుకో" అన్నారంటే గొడవే లేదు. అలా కాకుండా ఆదివారం వాక్యం మధ్యలో "కొంతమందికి దేవుడికంటే కంపెనీ ఎక్కువైపోయింది" అని మీరు కూర్చున్న వైపు చూశారు. ముందు వరసవాళ్లు తలలు తిప్పి మీ మొహం చూశారు. బుధవారానికి క్వయిర్ వాట్సాప్ గ్రూపులో మీ నంబరు లేదు. ఆ తర్వాత పాస్టరమ్మ గారు మీ ఆవిణ్ని పక్కకు పిలిచి "మీ ఆయన ఆత్మీయంగా పడిపోతున్నాడమ్మా, జాగ్రత్త" అన్నారు. ఇందులో ఎవరూ మిమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. అయినా "కుదరదు" అన్నందుకు జరిమానా మాత్రం కట్టించారు. ఈ పేజీలో పెత్తనం అన్నచోటల్లా అర్థం ఇదే.

ఇంత చదువుకున్నవాళ్లు కూడా ఎలా లొంగిపోతారు?

చదువుకూ దీనికీ సంబంధం లేదు. ఒంటరితనానికి ఉంది.

ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో, అమలాపురం నుంచో ఒక పిల్లాడు అమీర్‌పేట హాస్టల్లో దిగుతాడు. కోచింగ్ సెంటరు, మంచం, నీళ్ల చారు తప్ప ఇక్కడ అతనికి ఏమీ లేదు. మొదటి ఆదివారం మందిరానికి వెళ్తే ఎవరో పేరు అడుగుతారు, కూడిక అయ్యాక భోజనం పెడతారు. జ్వరం వస్తే సంఘ పెద్ద ఒకాయన గాంధీ ఆసుపత్రిలో రాత్రంతా పక్కన కూర్చుంటాడు. విశ్వాసుల్లో ఎవరో ఉద్యోగానికి రిఫరెన్స్ ఇస్తారు. ఈ ప్రేమ నాటకం కాదు, దీన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. నగరంలో వేలమందిని నిలబెట్టింది ఇదే.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. అన్నం పెట్టినవాళ్లకు ఎదురు చెప్పకూడదని మనల్ని పెంచారు. రూమ్ మారాలన్నా "అయ్యగారిని అడిగి చెప్తా". షాద్‌నగర్ వైపు ప్లాటు కొనాలన్నా, వేరే కంపెనీ ఆఫర్ వచ్చినా, చెల్లికి సంబంధం వచ్చినా అదే మాట. మొదట ఆయన "ప్రార్థన చేస్తాను" అంటాడు. తర్వాత "నాకు సమాధానం కలగడం లేదు" అంటాడు. మూడో ఏటికి "దేవుడు నాకు చూపించాడు" అంటాడు. ఆ మాట వచ్చాక ఇక చర్చ లేదు, ఎందుకంటే ఇప్పుడు మీరు కాదంటున్నది పాస్టరును కాదు, దేవుణ్ని.

రెండు వందల కుటుంబాలు ఏళ్లతరబడి ప్రతి చిన్న పనికీ తన గుమ్మం ముందు నిలబడితే ఎంతటి మంచివాడికైనా తలకెక్కుతుంది. పెత్తనం మీద ఆశ ఆయనకు ఉండొచ్చు, పల్లకీ మోస్తున్నది మాత్రం మనమే.

"నా అభిషిక్తులను ముట్టవద్దు" అని వాక్యంలోనే ఉంది కదా?

ఉంది. 105వ కీర్తన, 15వ వచనం. ఒక్క వచనం కాకుండా 12 నుంచి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా ఊరూరా తిరుగుతున్న రోజుల సంగతి అది. వాళ్లకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించాడు. బలహీనుణ్ని బలవంతుడి నుంచి కాపాడిన మాటను మైకు ఉన్నవాడు మైకు లేనివాడి మీద ప్రయోగిస్తున్నాడు.

సౌలు రాజు అభిషిక్తుడని దావీదు ఆయన్ని చంపలేదు, నిజమే. ఈ కథ చెప్పేవాళ్లు సగమే చెప్తారు. దావీదు సౌలు ఈటెకు అందేంత దూరంలో కూర్చోలేదు, పారిపోయాడు. గుహలోంచి బయటికొచ్చి, కోసిన వస్త్రపు చెంగు పట్టుకుని, సైన్యం వింటుండగానే "నన్నెందుకు తరుముతున్నావు" అని అడిగాడు. తర్వాత అదే దావీదు రాజై తప్పు చేస్తే ప్రవక్త నాతాను ఇంటికెళ్లి "ఆ మనిషివి నువ్వే" అన్నాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడని గలతీయుల పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. పేతురుకంటే పెద్ద అభిషేకం మన కాలనీలో ఎవరికి వచ్చిందో చెప్పమనండి.

ఇక మోషేకు ఎదురు మాట్లాడిన మిర్యాముకు కుష్ఠు రావడం, ఎదురు తిరిగిన కోరహును భూమి మింగడం. సణిగేవాళ్లను భయపెట్టడానికి ఈ రెండూ తప్పకుండా వస్తాయి. వాటిలోనే మోషే గురించి ఇంకో రెండు మాటలున్నాయి: భూమి మీద ఉన్నవాళ్లందరిలో మిక్కిలి సాత్వికుడని, ఎవరి దగ్గరా ఒక్క గాడిదను కూడా తీసుకోలేదని. తనను మోషేతో పోల్చుకునే ఆయన ఆ రెండో మాట అనగలడో లేదో, మందిరం ముందు ఆగి ఉన్న ఫార్చ్యూనర్ వైపు ఒకసారి చూసి మీరే ఆలోచించుకోండి.

హెబ్రీ పత్రికలో నాయకులకు లోబడమని ఉంది. మరి దానికేమంటారు?

13వ అధ్యాయం 17వ వచనం. ఆ నాయకులు లెక్క ఒప్పజెప్పాల్సినవాళ్లని అదే వచనం చెప్తోంది. లెక్క అడిగితే కోప్పడేవాళ్లకు ఆ వచనం అంత అనుకూలమేమీ కాదు. పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో మంద మీద ప్రభువుల్లా ఉండొద్దని సంఘ పెద్దలకే రాశాడు. జెబెదయి కొడుకుల తల్లి వచ్చి, తన ఇద్దరు కొడుకులను కుడి ఎడమల కూర్చోబెట్టమని అడిగిన రోజున యేసు చెప్పింది కూడా అదే: అన్యజనుల అధికారులు పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు. ఆ కోరిక పన్నెండుమంది శిష్యుల మధ్యే పుట్టిందంటే ఇవాళ పుట్టడంలో వింతేముంది?

1970ల్లో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం అని ఒకటి నడిచింది. ప్రతి విశ్వాసీ ఒక నాయకుడి కింద ఉండాలి, పెళ్లికీ ఉద్యోగానికీ ఇల్లు మారడానికీ అతని మాట తీసుకోవాలి. కుటుంబాలు నలిగిపోయాయి. దాన్ని నడిపిన ఐదుగురిలో ఒకడైన బాబ్ మమ్‌ఫోర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మన దగ్గర "కవరింగ్" (ప్రతివాళ్లూ ఒక నాయకుడి నీడలో ఉండాలనడం) అనే పేరుతో ఇప్పుడు వినపడుతున్నది చాలావరకు ఆ పాత సరుకే.

మా దగ్గర పాస్టరు మంచివారే. పెద్దలే నరకం చూపిస్తున్నారు.

ఇది తక్కువగా మాట్లాడుకునే విషయం. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే ఆయన ఉన్నాడు. ప్రధానత్వం కోరాడు, అపొస్తలుడి మీద చెడ్డమాటలు వదిలాడు, వచ్చిన సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకుంటామన్నవాళ్లను సంఘంలోంచి వెళ్లగొట్టాడు. అతని బోధ తప్పని మాత్రం అక్కడ ఒక్క మాట లేదు. సిద్ధాంతం నూటికి నూరు పాళ్లు సరిగా ఉంటూనే మనిషి దియొత్రెఫే కావచ్చు.

హైదరాబాద్‌లో అతను రకరకాలుగా ఉంటాడు. మందిరానికి స్థలం ఇచ్చిన కుటుంబం కావచ్చు. మూడు తరాలుగా కమిటీ వదలని కోశాధికారి కావచ్చు. పాత మిషన్ సంఘాల్లో ఎన్నికలొస్తే ఉపకులం లెక్కలు బయటికొస్తాయి. ప్రభు బల్ల దగ్గర ఒక్క రొట్టె తిన్నవాళ్లే ఓట్ల దగ్గర "మనోళ్లు, వాళ్లోళ్లు" అవుతారు. క్వార్టర్సులో ఉండే పాస్టరుకు ఇల్లూ పిల్లల చదువూ అన్నీ ఆ కమిటీ చేతిలోనే ఉంటే ఆయన ఏం ఎదురు చెప్తాడు? పాస్టరమ్మ గారి సంగతి చెప్పనే అక్కర్లేదు, జీతం లేని ఉద్యోగం, వంద మంది అత్తలు.

ఒకరి చేతిలో కాకుండా పెద్దల గుంపు చేతిలో సంఘం ఉండాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్తది కాదు. 1950లో సువార్తికుడు భక్త సింగ్ గారు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ నమూనా మన ముందు ఉంది. 1947లో ఏర్పడిన సీఎస్‌ఐకి నియమావళి, కౌన్సిళ్లు, అన్నిటికీ పైన సినడ్ అనే సభ ఉన్నాయి. పద్ధతి ఉండటం మేలే. అడిగేవాడు నోరు మూసుకుంటే ఏ పద్ధతీ పనిచేయదు.

సంఘం వదిలితే శాపం తగులుతుందా?

తగలదు. హేతువులేని శాపం తగలదని సామెతలు 26:2లోనే ఉంది.

కానీ భయం అలా పోదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకరికి యాక్సిడెంట్ అయితే "వాళ్లు మన సంఘం వదిలిన ఆర్నెల్లకే" అని సాక్ష్యంలో చెప్తారు. సంఘంలోనే ఉండి, అదే రోడ్డు మీద కాలు విరిగినవాళ్ల గురించి "శోధన" అంటారు. ఈ తేడా గమనించినవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంకో మాట. ఫలానా పని చేయకపోతే తాను నీ మీదికి దేవుడి ఆగ్రహం రప్పిస్తానని నమ్మించి, మనిషిచేత పని చేయించడమో మాన్పించడమో నేరం. పాత ఐపీసీలో 508 సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 354. ఏడాది దాకా జైలు పడొచ్చు. పోలీసు స్టేషన్‌లో ఈ సెక్షన్ కింద కేసు పెట్టించడం తేలికని చెప్పను. అయినా, బెదిరింపు ప్రార్థనలా వినిపించినంత మాత్రాన అది చట్టానికి అందకుండా పోదు.

దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) కోసం జీతం స్లిప్పు అడుగుతున్నారు. ఇవ్వాలా?

అక్కర్లేదు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, చనిపోయిన అననీయ సప్పీరాల కథ చెప్పి భయపెడతారు. అక్కడ పేతురు అన్నది వినండి: ఆ పొలం నీ దగ్గర ఉన్నంతకాలం నీదే కదా, అమ్మాక డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది కదా. వాళ్ల తప్పు అబద్ధం, తక్కువ ఇవ్వడం కాదు. సణుక్కుంటూ, బలవంతంగా ఇవ్వొద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ పౌలే చందా డబ్బు మోసుకెళ్లేటప్పుడు తన మీద నింద రాకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు.

కాబట్టి లెక్క అడగడం అవిశ్వాసం కాదు. సంఘం సొసైటీగా రిజిస్టరైతే తెలంగాణ సొసైటీల చట్టం, 2001 కింద ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఆడిట్ లెక్కలు చూపాలి. వివాదం వస్తే సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ఇక్కడ మెలిక ఏంటంటే చాలా స్వతంత్ర సంఘాలు పాస్టరు, భార్య, బావమరిది ట్రస్టీలుగా ఉన్న ట్రస్టులు. మీరు ఇరవై ఏళ్లు కానుక వేసినా కాగితం మీద సభ్యులు కారు. మందిరం కోసం ఇచ్చిన స్థలం ఎవరి పేరున రిజిస్టరైందో తెలుసుకోవడానికి రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయిస్తే చాలు. కానుకకు ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ అని అందరూ పిలిచేది) ఉందని చెప్తే రసీదు అడగండి. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు.

పెళ్లికి సంఘం లెటర్ ఇవ్వనంటున్నారు.

ఇంకో సంఘ కాపరిని అడగండి. అదీ కుదరకపోతే ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఉంది. మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆశీర్వాద ప్రార్థన తర్వాత ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చు.

లైంగిక వేధింపు జరిగింది. ముందు సంఘ పెద్దలకు చెప్పాలా?

వద్దు. ఇది మత్తయి 18 ప్రకారం ఇద్దరు కూర్చుని సర్దుకునే విషయం కాదు. సహోదరుల మధ్య మాటపట్టింపు వేరు, నేరం వేరు. విశ్వాసులు కోర్టుకెక్కొద్దని 1 కొరింథీ 6 చూపిస్తారు. ఆ అధ్యాయంలో ఉన్నది ఆస్తి లావాదేవీల్లాంటి తగాదాలు. నేరం చేసినవాడికి ప్రభుత్వ ఖడ్గం ఉందని రోమా 13 చెప్తోంది.

పిల్లల విషయమైతే ఆలోచించే పనే లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం సంగతి తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే ఒక నేరం. మత సంస్థలో పనిచేసేవాడు అక్కడి బిడ్డ మీద చేస్తే చట్టం దాన్ని ఇంకా తీవ్రమైన నేరంగా లెక్కిస్తుంది. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా శిక్ష ఉంది. "బిడ్డ భవిష్యత్తు చూడండి, ప్రార్థనలో పెడదాం" అనే పెద్దమనిషికి ఈ సంగతి చెప్పి చూడండి.

బాధితురాలు పెద్దదైతే "ఇష్టపడే వెళ్లింది కదా" అనేవాళ్లు ఉంటారు. కౌన్సెలింగ్ గదిలో తలుపు వేసి, పాపాలు ఒప్పించుకుని, అవే గుట్టుగా పట్టుకున్న మనిషి ముందు ఇష్టం అనే మాటకు ఎంత బరువుంటుంది? నమ్మకం, అధికారం ఉన్న స్థానంలో ఉండి అత్యాచారం చేసినవాడికి చట్టంలో శిక్ష ఇంకా కఠినం. 2018 నాటి అత్యాచార కేసులో, వేలమంది అనుచరులున్న పంజాబ్ పాస్టరు ఒకడికి మొహాలీ కోర్టు 2025 ఏప్రిల్‌లో యావజ్జీవం వేసింది. ఏడేళ్లు పట్టింది, కానీ పడింది.

అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098. మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి నగరంలో ఉన్నాయి. బాధిత మహిళలకు, పిల్లలకు పోలీసులు నడిపే భరోసా కేంద్రంలో వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట జరుగుతాయి. ఏ స్టేషన్‌కు వెళ్లినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి, "మా పరిధి కాదు" అని పంపకూడదు. సంఘం ఆఫీసులోనో స్కూల్లోనో పనిచేసే మహిళలకు పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. పదిమందికంటే తక్కువ ఉద్యోగులుంటే జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి. కతోలికులకు ఇంకో దారి కూడా ఉంది: 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన నియమాల ప్రకారం గురువులు, కన్యాస్త్రీలు తమకు తెలిసిన వేధింపును చర్చి అధికారులకు తెలపాల్సిందే. అది పోలీసు ఫిర్యాదుకు అదనం, బదులు కాదు.

వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. స్క్రీన్‌షాట్ ఒక్కదానికంటే అసలు ఫోన్‌కు కోర్టులో విలువ ఎక్కువ.

బయటపెడితే క్రైస్తవుల పరువు పోదా? అసలే మన మీద దాడులు జరుగుతున్న రోజులు.

ఈ భయం ఉత్తది కాదు. చర్చి మీద రాయి పడిన వార్త చదివిన మనిషి, మన ఇంటి గుట్టు ఎదుటివాడికి ఆయుధం అవుతుందని భయపడటం సహజం. ఆ భయాన్నే తప్పు చేసినవాడు గొడుగులా వాడుకుంటాడు.

చెన్నైలో పుట్టి ప్రపంచమంతా తిరిగి వాక్యం చెప్పిన రవి జకరయాస్ 2020 మేలో చనిపోయారు. మన ఊళ్లో కూడా ఆయన ప్రసంగాలు విని నిలబడ్డవాళ్లున్నారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థే వేయించిన విచారణ నివేదిక బయటికొచ్చింది, మహిళల మీద ఆయన చేసిన లైంగిక వేధింపులు నిజమని తేల్చింది. బతికుండగా ఒక మహిళ ముందుకొస్తే సంస్థ ఆమెనే అనుమానించింది. ఇంగ్లండ్‌లో జాన్ స్మిత్ అనే న్యాయవాది క్రైస్తవ క్యాంపుల్లో పరిచయమైన అబ్బాయిలను దారుణంగా కొట్టిన సంగతి దశాబ్దాలు దాచారు. దాని మీద నివేదిక వచ్చాక 2024 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. రెండుచోట్లా పరువు తీసింది ఫిర్యాదు చేసినవాళ్లు కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. పోలీసులకు, లాయరుకు, నమ్మకమైన ఇద్దరికి చెప్పండి. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ కోసం కాచుక్కూర్చున్న ఛానళ్లకు ముందు చెప్పకండి. వాళ్లకు కావాల్సింది మీ న్యాయం కాదు, వ్యూస్.

నేను సెల్ గ్రూప్ లీడర్ని. నాలో కూడా ఈ గుణం ఉందేమో?

మీ గ్రూపులో ఎవరైనా మిమ్మల్ని చివరిసారి ఎప్పుడు కాదన్నారో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే ఒకరిద్దరిని టీకి పిలిచి, మీరు మాట్లాడకుండా, వాళ్లు చెప్పేది వినండి. ప్రార్థన మనవిగా మీతో చెప్పుకున్నది పాస్టరు చెవిన వేయడం ఈరోజు నుంచే మానేయండి. అన్నిటికంటే ఎక్కువమందిని గాయపరిచేది ఆ అలవాటే.

బయటికి వచ్చేస్తే సమాధికి చోటు ఇవ్వరని మా నాన్న భయం.

పెద్దవాళ్ల విషయంలో ఇది నిజంగా గట్టి పట్టు. నగరంలో సమాధి తోటలు ఇరుకు. ఉన్నవాటిలో చాలావరకు సంఘాల కమిటీల చేతుల్లో ఉన్నాయి, సభ్యత్వం కాగితం అడుగుతారు. ముందు ఒకటి తేల్చుకోండి: మీ పాస్టరు చేతిలో నిజంగా సమాధి తోట ఉందా? చాలా స్వతంత్ర సంఘాలకు సొంత తోట లేదు, వాళ్లు కూడా ఇంకెవర్నో అడుక్కోవాల్సిందే. లేని అధికారంతో బెదిరిస్తున్నారన్నమాట. ఉంటే, ఇప్పుడే ఇంకో సంఘంలో సభ్యత్వం తీసుకుని కాగితం దగ్గర పెట్టుకోవచ్చు. సొంత ఊళ్లో కుటుంబ సమాధులుంటే ఆ మాట నాన్నగారితో కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి.

వదిలేసి ఏడాదైంది. బైబిల్ తెరిస్తే ఆయన గొంతే వినిపిస్తోంది.

చాలామందికి ఇలాగే ఉంటుంది. మీ విశ్వాసం చచ్చిపోయిందని కాదు. కొన్నాళ్లు తెరవకపోయినా ఫర్వాలేదు. నిద్ర పట్టకపోవడం, ఆదివారం ఉదయం గుండె దడ లాంటివి తగ్గకపోతే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మందు వాడటం అవిశ్వాసం అని ఎవరైనా అంటే వాళ్ల బీపీ మాత్రల సంగతి అడగండి.

కొత్త సంఘం వెతుక్కుంటున్నాం. ఏం చూడాలి?

ప్రసంగం చూడకండి, అది అందరూ బాగానే చెప్తారు. ఆ సంఘం వదిలి వెళ్లినవాళ్ల గురించి ఎలా మాట్లాడతారో వినండి. "ఇల్లు మారి నల్లగండ్ల వెళ్లారు, అక్కడే దగ్గరగా ఉందట" అని మామూలుగా అంటే మంచిదే. వెళ్లిన ప్రతివాళ్లూ యూదాలే అయితే అనుమానించండి. పాస్టరు జీతం ఎవరు నిర్ణయిస్తారు, ఆయన సెలవు మీద వెళ్తే వాక్యం ఎవరు చెప్తారు, చివరిసారి ఆయన ప్రతిపాదనను కమిటీ ఎప్పుడు కాదంది అని మామూలు కబుర్లలో అడగండి. పిల్లలుంటే సండే స్కూల్ గది తలుపు తెరిచి ఉంటుందా, టీచర్లు ఇద్దరుంటారా చూడండి. బాత్రూమ్‌కు పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో కూడా అడగండి, సిగ్గుపడక్కర్లేదు.

మెంబర్‌షిప్ ఫారానికి తొందరపడకండి, కొన్ని నెలలు ఊరికే వెనక కూర్చుని రండి. ఫారంలో జీతం అనే గడి ఉంటే దాన్ని ఖాళీగా వదిలేసి ఇచ్చి, ఏమంటారో చూడండి.